ఒక అణా సంఘం చీటీ, మూడు లక్షల ఓట్లు: రావి నారాయణరెడ్డి జీవితం

కారేపల్లి: 1952లో దేశంలో మొట్టమొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ అలహాబాదు ప్రాంతం నుంచి లోక్‌సభకు పోటీ చేసి 2 లక్షల 33 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. ఆయనకంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న మనిషి ఒకరున్నారు. ఆయన గెలిచింది మన తెలంగాణలోని నల్లగొండలో. ఆయనకు వచ్చిన ఓట్లు 3 లక్షల 9 వేలకు పైచిలుకు. ఆయనే రావి నారాయణరెడ్డి.

అలహాబాదు, నల్లగొండ రెండూ అప్పట్లో ఇద్దరేసి సభ్యులను ఎన్నుకునే నియోజకవర్గాలే. కనుక ఈ పోలిక సరైనదే. ఆ ఓట్లు వేసిన వారిలో అత్యధికులు అక్షరం ముక్క రానివారు. కూలీలు, కౌలుదార్లు, జీతగాళ్లు, చిన్న పట్టాదార్లు. జీవితంలో మొదటిసారి ఓటు వేసినవారు. వారు అంత నమ్మకంతో ఒక మనిషికి ఎందుకు ఓటు వేశారన్నది ఈనాటికీ తెలుసుకోదగిన విషయం. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ పేదలకు ఏమి చేస్తే ఓట్లు వస్తాయని పార్టీలన్నీ లెక్కలు వేసుకుంటాయి. ఆ లెక్కకు తొలి జవాబు నల్లగొండలోనూ, మన ఖమ్మంలోనూ 1952లోనే దొరికింది.

భూస్వామి ఇంట పుట్టి

నారాయణరెడ్డి 1908 జూన్ 4న నల్లగొండ జిల్లా భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో జన్మించారు. వారిది భూస్వామ్య కుటుంబం. చదువు కోసం హైదరాబాదు వెళ్లారు. తినడానికి, కట్టడానికి లోటు లేని ఇల్లు. నిజాం కొలువులో ఏదో ఒక ఉద్యోగం చూసుకుని, ఊళ్లో పొలం చూసుకుంటూ హాయిగా బతకవచ్చు. ఆయన ఆ దారి పట్టలేదు.

1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహం మొదలుపెట్టారు. నిజాం సంస్థానంలో అటువంటి ఉద్యమాలకు తావు లేదు. నారాయణరెడ్డి చదువు వదిలి, సైకిలు మీద కాకినాడకు పోయి సత్యాగ్రహంలో పాల్గొన్నారు. ఆనాటి రోడ్లు ఎట్లా ఉండేవో పెద్దలను అడిగితే తెలుస్తుంది. అంత దూరం సైకిలు తొక్కడమంటే మాటలు కాదు.

తిరిగి వచ్చాక ఆయన హరిజన సేవాసంఘం పనిలో దిగారు. అంటరాని కులాల పిల్లలు బడి ముఖం చూడని రోజులవి. వారి కోసం హాస్టళ్లు నడిపారు. రెడ్ల ఇంటి యువకుడు మాలమాదిగ పిల్లల తిండి, చదువు చూసుకోవడం చాలామంది పెద్దలకు నచ్చలేదు. ఆయన వెనుకాడలేదు. ఆ తరువాత ఇరవై ఏళ్లకు ఆయనకు పడిన ఓట్ల పంటకు విత్తనం ఇక్కడే పడిందనవచ్చు.

1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్‌ను నిజాం ప్రభుత్వం నిషేధించింది. దాన్ని ధిక్కరించి సత్యాగ్రహం చేసిన మొదటి జట్టులో నారాయణరెడ్డి ఉన్నారు. జైలుకు వెళ్లారు. 1939 నాటికి కమ్యూనిస్టు పార్టీలో చేరారు.

వెట్టి, నాగు, లెవీ

ఆనాటి పల్లె పరిస్థితి తెలియనిదే ఈ మనిషి విలువ తెలియదు. దొర గడీకి ప్రతి కులమూ ఊరికే పని చేయాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి, చాకలి బట్టలు ఉతకాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, గొల్ల గొర్రెను తోలాలి. గిర్దావరు వచ్చినా, పోలీసు అమీను వచ్చినా కోళ్లు, నెయ్యి, ఎడ్లబండి ఊరే సమకూర్చాలి. దీనినే వెట్టి అన్నారు. వెట్టి కూడదని ప్రభుత్వ ఉత్తర్వులు లేకపోలేదు. కాని అవి కాగితాల మీదే ఉండిపోయాయి. ఊళ్లో పటేలు, పట్వారీ, దొర చెప్పిందే చట్టం.

ఇక నాగు సంగతి. వానకాలంలో గింజలు అయిపోతే దొర గరిసె దగ్గరకే పోవాలి. తెచ్చుకున్న ధాన్యానికి కోతల నాటికి సగం కలిపి తిరిగి కొలవాలి. కొలవలేనివాడు భూమి రాసిచ్చాడు. భూమి లేనివాడు తానే బగేలాగా కుదిరాడు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు పనిచేశాడు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక దీనికి లెవీ తోడైంది. ప్రభుత్వం ప్రతి రైతు దగ్గర ధాన్యం కొలిపించుకుంది. పెద్ద భూస్వాములు పట్వారీని మచ్చిక చేసుకుని తప్పించుకున్నారు. చిన్న రైతు కల్లంలో గింజ లేకుండా కొలిచి, మళ్లీ నాగుకు దొర వాకిట నిలబడ్డాడు.

అణాతో వచ్చిన మార్పు

తెలంగాణలో తెలుగు భాష కోసం, గ్రంథాలయాల కోసం, బడుల కోసం 1921లో ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. తొలి సభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. మొదట్లో అందులో వకీళ్లు, చదువుకున్నవారు, పట్టణాల పెద్దలు ఎక్కువ. వారు చేసిన మేలు తక్కువేమీ కాదు. అయితే పొలంలో పనిచేసే మనిషికి ఆ సభ దూరంగానే ఉండేది.

1941లో చిలుకూరులో జరిగిన 8వ మహాసభకు నారాయణరెడ్డి అధ్యక్షులు. అక్కడినుంచి సభ మాట మారింది. భాషతోపాటు వెట్టి, భూమి, కౌలు, వడ్డీ చర్చకు వచ్చాయి. 1944లో భువనగిరిలో జరిగిన 11వ మహాసభకూ ఆయనే అధ్యక్షులు. ఆ కాలంలోనే సభ్యత్వ రుసుమును ఒక అణాకు తగ్గించారు. అణా అంటే రూపాయిలో పదహారో వంతు.

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని ఆ ఒక్క అణాతోనే మహాసభ పల్లెల్లో సంఘంగా మారింది. అణా ఇచ్చి చీటీ తీసుకున్న జీతగాడు సంఘం మనిషి అయ్యాడు. ఎవరో పెద్దవారు తన కోసం మాట్లాడితే విని ఇంటికి పోయే మనిషి కాదు ఇప్పుడు. తన కష్టం తానే సంఘంలో చెప్పుకునే హక్కుదారు. మితవాదులకు ఈ ధోరణి నచ్చక వేరుగా పోయారు. ఉన్నవారితోనే సంఘం ఊరూరా వ్యాపించింది. 1945లో 12వ మహాసభ మన ఖమ్మంలోనే జరిగింది.

సంఘం చెప్పిన మాటలు కూడా పల్లె కొలతల్లోనే ఉండేవి. వెట్టి చేయనక్కరలేదు. నాగుకు సగం వడ్డీ కొలవనక్కరలేదు. కౌలుదారును భూమినుంచి వెళ్లగొట్టరాదు. కూలి పెంచాలి. లెవీ పెద్దవారి దగ్గర ముందు తీయాలి. దేశం ఆర్థిక పరిస్థితి గురించి పెద్ద ఉపన్యాసం అక్కరలేదు. తన కల్లంలో ఎన్ని కుంచాలు మిగులుతాయో కూలివాడికి అర్థమయ్యేది.

తన పొలంతోనే మొదలు

భూమి పంచాలని చెప్పేవారు చాలామంది ఉంటారు. నారాయణరెడ్డి తన కుటుంబ భూమిలో సుమారు 500 ఎకరాలు పేదలకు పంచి ఇచ్చారు. వినోబా భావే భూదానం అప్పటికి మొదలు కాలేదు. భూపరిమితి చట్టం ఊహలో కూడా లేదు. ఈ వార్త ఊరినుంచి ఊరికి పాకింది. దొరల బిడ్డే దొరతనం వదులుకున్నాడంటే ఆ మాటలో నిజం ఉందని జనం నమ్మారు. పల్లె ప్రజలు మాటను తూచే తక్కెడ ఇదే. చెప్పినవాడు ముందు తన చేతినుంచి ఏమి వదిలాడో చూస్తారు.

పోరాటం, అభిప్రాయ భేదం

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడినుంచి తెలంగాణ రగిలింది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురూ కలిసి నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. కమ్యూనిస్టు పార్టీ లెక్కల ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో సంఘం పాలన నడిచింది. 10 లక్షల ఎకరాల భూమి పంచారు. సుమారు 4,000 మంది ప్రాణాలు కోల్పోయారు.

భూమి పంచడంలో ఒక జాగ్రత్త కనిపిస్తుంది. మొదట 500 ఎకరాలు పైబడిన వారి మిగులు భూమినే తీసుకున్నారు. తరువాత ఆ హద్దును 200కు, ఆపైన 100 ఎకరాల మెట్టకు తగ్గించారు. ఇరవై, ముప్ఫై ఎకరాల రైతుకు తన భూమి పోతుందన్న భయం లేదు. అందుకే కూలివాడితోపాటు చిన్న, మధ్యతరగతి రైతు కూడా సంఘంలో నిలబడ్డాడు. పేదవాడికి మేలు చేసే పని పక్కనున్న చిన్న రైతును బెదిరిస్తే ఊరు రెండుగా చీలుతుంది. ఇక్కడ అలా జరగలేదు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించింది. నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ వదిలింది. అప్పుడు పార్టీలో పెద్ద చర్చ వచ్చింది. పోరాటం కొనసాగించాలని పార్టీ నిర్ణయించింది. నారాయణరెడ్డి అభిప్రాయం వేరు. రజాకార్లనుంచి విడిపించిన సైన్యాన్ని జనం ఆదరిస్తున్నారు. ఇప్పుడు ఆ సైన్యంతో పోరాడితే జనానికి నష్టమే తప్ప లాభం లేదు. ఆయుధాలు పక్కనపెట్టి, వచ్చిన భూమిని నిలుపుకోవడానికి వేరే దారి చూడాలి. ఇదీ ఆయన వాదన. సొంత పార్టీలోనే చాలామందికి అది రుచించలేదు.

ఆ తరువాత మూడేళ్లు ఏమి జరిగిందో మన ప్రాంతం పెద్దలు కథలుగా చెప్పుకున్నారు. దళాలు గోదావరి పక్క అడవుల్లోకి జరిగాయి. ఇల్లందు, కొత్తగూడెం అడవులు గాలింపులతో నిండిపోయాయి. దళాలకు అన్నం పెట్టకుండా చేయాలని గూడేలను ఖాళీ చేయించి, కోయలను ఒకచోటికి చేర్చారు. పోడు చేసుకుని బతికేవారికి అడవి దూరమైంది. ఆ శిబిరాల్లో వారు పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. చివరకు 1951 అక్టోబరులో పార్టీ పోరాటాన్ని విరమించింది. నారాయణరెడ్డి చెప్పిన దారికి అందరూ వచ్చారు. కాని ఈలోగా ఎన్నో కుటుంబాలు మూల్యం చెల్లించాయి. ఆయన జీవితంలో ఇదొక బాధాకరమైన అధ్యాయం.

1952: పెట్టెలో పడిన తీర్పు

పోరాట విరమణ తరువాత కొద్ది నెలలకే ఎన్నికలు. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉంది. అందువల్ల వారు పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్, అంటే పి.డి.ఎఫ్. పేరుతో పోటీ చేశారు. దాని అధ్యక్షుడు సరోజినీ నాయుడు కుమారుడు డాక్టర్ జయసూర్య. అప్పటి పద్ధతిలో ప్రతి అభ్యర్థికీ గుర్తు అతికించిన ప్రత్యేక పెట్టె ఉండేది. ఓటరు నచ్చినవారి పెట్టెలో చీటీ వేసి రావాలి. ముద్ర గుద్దే పని లేదు. చదువు రాకపోయినా ఫరవాలేదు. 21 ఏళ్లు నిండిన ఆడా మగా అందరికీ ఓటు. నిన్నటిదాకా గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన మనిషికీ, గడీలోని దొరకూ తలా ఒక్కటే చీటీ.

ఫలితం ముందే చెప్పుకున్నాం. నల్లగొండలో రిజర్వు స్థానం కూడా పి.డి.ఎఫ్.కే దక్కింది. మెదక్‌లో జయసూర్య గెలిచారు. హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో రైతులు మఖ్దూంను అసెంబ్లీకి పంపారు. మఖ్దూం హైదరాబాదులో కార్మిక సంఘాలు కట్టినవాడు, ఉర్దూ కవి. పట్నం కార్మిక నాయకుడిని పల్లె రైతులు తమవాడనుకున్నారు.

మన ఖమ్మం అప్పటికి వరంగల్లు జిల్లాలో భాగం. గోదావరి అవతలి భద్రాచలం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఖమ్మం జిల్లా 1953 అక్టోబరు 1న ఏర్పడింది. భద్రాచలం 1959లో మనలో కలిసింది. ఖమ్మం లోక్‌సభ స్థానం 1952లోనూ, 1957లోనూ పి.డి.ఎఫ్. అభ్యర్థి టి.బి. విఠల్‌రావుకే దక్కింది. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. కారేపల్లి జంక్షన్ దగ్గర డోర్నకల్ నుంచి వచ్చే లైను రెండుగా చీలుతుంది. ఒకటి ఇల్లందు గనులకు, ఒకటి కొత్తగూడేనికి. బొగ్గు కంపెనీకి పేరు పెట్టింది మన మండలంలోని సింగరేణి ఊరే. గనిలో దిగే కార్మికుడి అన్నదమ్ములు ఊళ్లో కౌలుకు దున్నేవారు. గనిలో కూలి పెరగాలన్న మాటా, పొలంలో కౌలు తగ్గాలన్న మాటా ఒకే ఇంట్లో వినిపించేవి. అందుకే ఇక్కడ కార్మికుడి ఓటు, రైతు ఓటు వేరువేరుగా పోలేదు.

మొత్తం 175 స్థానాల హైదరాబాదు అసెంబ్లీలో కాంగ్రెస్‌కు 93, పి.డి.ఎఫ్.కు 42 వచ్చాయి. పి.డి.ఎఫ్. బలమంతా తెలంగాణ జిల్లాల్లోనే. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లోనూ పేదలు ఉన్నారు, దొరలూ ఉన్నారు. కాని అక్కడ సంఘం పనిచేయలేదు. కార్యక్రమం కాగితం మీద ఎంత గొప్పగా ఉన్నా, దాన్ని తమ ఊళ్లో, తమ వాకిట చూడనివారు ఓటు వేయలేదు. చూసినవారు వేశారు. ఈ ఎన్నిక నేర్పిన పాఠం ఇదే.

గెలుపు తరువాత

ఓడిపోయినవారు కూడా ఈ పాఠం నేర్చుకున్నారనాలి. పోరాటం నడుస్తుండగానే 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అన్న మాట మన ఊళ్లలో అప్పుడే పుట్టింది. 38-ఇ సర్టిఫికెట్ అని నేటికీ రైతులు చెప్పుకునేది ఆ చట్టంలోని సెక్షనే. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలోనే వినోబాకు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం మొదలైంది. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1954లో కౌలుదారీ చట్టాన్ని సవరించారు. నిన్నటి పోరాటపు కోరిక నేటి ప్రభుత్వ చట్టం అయింది.

చట్టం వచ్చిన కొద్దీ, దాన్ని తెచ్చిన ఒత్తిడి ఎవరిదో జనం మరిచిపోవడం సహజం. నారాయణరెడ్డి 1957లో భువనగిరి నుంచి శాసనసభకు, 1962లో నల్లగొండ నుంచి మళ్లీ లోక్‌సభకు గెలిచారు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలింది. ఆయన సి.పి.ఐ.లో ఉండిపోయారు. చీలిన ఇంటికి పాత బలం రాలేదు. క్రమంగా ఆయన ఎన్నికల రాజకీయాలనుంచి తప్పుకున్నారు. పోరాట అనుభవాలను పుస్తకంగా రాశారు. తమ పార్టీ చేసిన పొరపాట్లనూ అందులో దాచలేదు. 1991 సెప్టెంబరు 7న 83వ ఏట కన్నుమూశారు. 1992లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు.

నేటి ఓటరుకు

ఆయన తరువాత పేదల పేరుతో ఎన్నో పథకాలు వచ్చాయి. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. 1983లో ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం మాటతో గెలిచి, ఆ మాట నిలబెట్టుకున్నారు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు, 2018లో ఎకరం లెక్కన రైతుబంధు. పొయ్యి మీద కుండకూ, పొలంలో నాగలికీ తగిలే మాటకే పల్లె ఓటు పడుతుందని అన్ని పార్టీలకూ తెలిసిపోయింది. ఇవి వద్దనవలసిన పని లేదు. ఆకలి తీర్చిన బియ్యం ఎవరిచ్చినా బియ్యమే.

అయితే ఒక తేడా ఉంది. సంఘం రోజుల్లో పేదవాడు అణా ఇచ్చి సభ్యుడయ్యాడు. ఏమి కావాలో తాను చెప్పాడు, దాని కోసం తాను నిలబడ్డాడు. ఇప్పుడు ఏమి ఇవ్వాలో పైన నిర్ణయమై వస్తుంది. మనం లబ్ధిదారుల జాబితాలో పేరు ఉందో లేదో చూసుకుంటున్నాం. ఎకరం లెక్కన డబ్బు వచ్చినప్పుడు పట్టా ఉన్నవాడికి అందింది. ఆ పొలాన్నే కౌలుకు దున్నేవాడికి అందలేదు. కౌలుదారు కూర్చున్న సంఘంలో ఆ పథకం తయారై ఉంటే, ఆ సంగతి మొదటి రోజే బయటపడేది కదా.

నారాయణరెడ్డి కారేపల్లి వాడు కాదు. కాని ఆయన నడిపిన సంఘం మన పక్క ఊళ్లలోనూ ఉంది. ఆ పోరాటపు కష్టం మన అడవి గూడేల మీదా పడింది. ఓటు అడగడానికి వచ్చినవారిని ఆయన జీవితం ముందు పెట్టి మూడు ప్రశ్నలు అడగవచ్చు. మీరు ముందుగా మీ చేతినుంచి ఏమి వదిలారు? మీరు చెప్పేది మా కల్లంలో ఎన్ని కుంచాలు? దాన్ని నిర్ణయించే చోట మాకు కూర్చునే జాగా ఉందా? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగినందుకే ఆనాడు అక్షరం రాని జనం ఆయన పెట్టెను నింపారు.